హమ్రియా సెనేటర్

పోచన్న సెనేటర్ అయ్యాడన్న సంగతి ఊళ్లో కుక్కపిల్లక్కూడా తెలిశాక, చిట్టచివర పోచన్నకు తెలిసింది. పెళ్లికొడుకును పిలవకుండా పెళ్లి చేసేసినట్టుంది ఆ వ్యవహారం.

శుక్రవారం పొద్దున్నే మస్కట్‌లో, హమ్రియాలోని పాత ఇంటి వాకిట్లో కూర్చుని అతను డ్యూటీ బట్టలు ఉతుక్కుంటున్నాడు. ఆ ఇంటికి మూడు గదులు, ఒక వంటిల్లు. ఒక గదిలో తెలంగాణ వాళ్లు, ఒక గదిలో సీమ వాళ్లు, ఒక గదిలో గోదావరి వాళ్లు ఉంటారు. పొయ్యి మాత్రం అందరిదీ ఒకటే, అందుకే కొట్లాటలన్నీ వంటింట్లోనే పుడతాయి. సబ్బు చేతులతోనే ఫోను తెరిస్తే ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫ్లెక్సీ ఫోటో కనిపించింది.

పోచన్నది జగిత్యాల అవతల దుబ్బవాడ. అక్కడ సర్పంచ్ ఎన్నికలు నడుస్తున్నాయి. ఈసారి పదవి ఆడవాళ్లకు వచ్చింది కాబట్టి పోచన్న భార్య లస్మవ్వ కత్తెర గుర్తు మీద నిలబడింది. అంతవరకు అతనికి తెలిసిందే. "నిలవడనా" అని ఆమె ఫోన్లో అడిగితే "నిలవడు, ఎవలద్దన్నరు" అన్నది అతనే. ఫ్లెక్సీలో లస్మవ్వ నిండుగా కొంగు కప్పుకుని దండం పెడుతోంది. పై మూలన గుండ్రటి చట్రంలో పోచన్న పాస్‌పోర్టు ఫోటో, దానికి ఎవరిదో నల్లకోటు అతికించారు. కింద ఎర్ర అక్షరాల్లో ఇలా ఉంది: "ఒమన్ సెనేటర్ పోచన్న గారి సతీమణి లస్మవ్వకే మీ అమూల్యమైన ఓటు."

పోచన్న దాన్ని కూడబలుక్కుని చదివాడు. మళ్లీ చదివాడు. తన పేరు, తన మొహం సరిగ్గానే ఉన్నాయి. నడుమనున్న మాటే అర్థం కాలేదు. అప్పుడే చాయ్ గ్లాసుతో బయటికొచ్చిన వీరబ్రహ్మాన్ని అడిగాడు.

"వీరన్నా, సెనేటర్ అంటే ఏందే?"

వీరబ్రహ్మం తాగుతున్న చాయ్ ఆపేశాడు. అతనిది మైదుకూరు దగ్గర. ఒకప్పుడు యూనివర్సిటీలో పీహెచ్‌డీకి చేరి, అమెరికాలోని డెలావేర్ అనే బుల్లి రాష్ట్రం తన సెనేటర్లను ఎలా ఎన్నుకుందో, ఆ చరిత్ర రాయబోయాడు. సగం రాశాక గైడు రిటైరయ్యాడు, ఇంట్లో ఇబ్బందులొచ్చాయి, ఇతను మస్కట్ వచ్చి అజైబాలో ఒక కంపెనీలో స్టోర్ కీపరయ్యాడు. చదువు ఆగింది కానీ చరిత్ర ఆగలేదు. అన్నం తినేటప్పుడు అతను "డెలావేర్‌లో ఏమైందంటే" అని మొదలుపెడితే చాలు, మిగతావాళ్లు కంచాలు పట్టుకుని మేడ మీదికి పోయేవాళ్లు. ఇన్నేళ్లలో ఒక్క మనిషి, తనంతట తాను, సెనేటర్ అంటే ఏమిటని అడిగింది ఇదే మొదటిసారి. వీరబ్రహ్మం కళ్లు చెమర్చాయి.

"కూర్చో పోచన్నా. మన రాజ్యసభ లేదూ, అట్లాంటి పెద్దల సభ అమెరికాలో ఉంది. దాంట్లో మెంబరే సెనేటరు. తమాషా ఏందంటే, రాష్ట్రం ఏనుగంత ఉన్నా ఇద్దరే, ఎలకంత ఉన్నా ఇద్దరే. డెలావేర్‌కు మొత్తం మూడే జిల్లాలు. అయినా ఇద్దరు."

"అంటే ఎంపీ లెక్కనా?"

"ఎంపీ కన్నా పెద్ద."

 తప్పు ఎక్కడ జరిగిందో పోచన్నకు చప్పున తట్టింది. అతను అజైబాలో కొత్తగా లేస్తున్న ఫ్లాట్ల సైట్‌లో సానిటరీ ఫిట్టరు. పొద్దున లేస్తే కమోడ్లు, వాష్‌బేసిన్లు, ఫ్లష్ ట్యాంకులు బిగించడమే పని. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా "సానిటరీల డ్యూటీ" అనేవాడు. అంతకు మించి ఎన్నడూ విడమరిచి చెప్పలేదు. చెప్పడానికి సిగ్గు. ఊళ్లో బావి దగ్గర మోటారు బిగించినవాణ్ని మేస్త్రీ అంటారు, మరి దొడ్డికి పీట బిగించేవాణ్ని ఏమంటారు? ఆ మాట వినడం ఇష్టం లేక ఏళ్లుగా నోరు మూసుకున్నాడు. ఇప్పుడు చూస్తే, సానిటరీ అన్నది లస్మవ్వ చెవిలో సెనేటర్ అయి, అక్కడినుంచి ఫ్లెక్సీ మీదికి ఎక్కింది.

అతను అలా ఆలోచిస్తుండగానే ఫోన్ మోగింది. అల్ మవాలే నుంచి రఘుపతి. రఘుపతిదీ దుబ్బవాడే, ట్రేడింగ్ కంపెనీ గోడౌన్‌లో పని. అతని వదిన కవిత ఉంగరం గుర్తు మీద లస్మవ్వకు ఎదురు నిలబడింది. ఈ సంగతులన్నీ కలిపి చూస్తే ఆ ఫోన్ ఎందుకొచ్చిందో చెప్పనక్కర్లేదు.

"సెనేటర్ సాబ్, సలాం" అన్నాడు రఘుపతి. గొంతులో బెల్లం కారుతోంది. "పొద్దుమీకి నీ దర్శనం జేసుకుందమనుకుంటున్న. ఊరోళ్లకు నీ ఆఫీసు, నీ కుర్సీ వీడియో దీసి పంపాల్నట. మా వదినె అడిగింది."

"నేనేం జేస్తనో నీకెరుకనే గదా రఘుపతీ."

"నాకెరుకనే మామా. ఊరోళ్లకే ఎరుకలేదు."

ఫోన్ పెట్టేశాక పోచన్న తడిబట్టల మధ్య అలాగే కూలబడ్డాడు. తన పరువు పోతే పోయింది, గల్ఫ్‌లో పరువు ఎవడు చూడొచ్చాడు. కానీ వీడియో ఊరెళ్తే రేపు బజారులో జనం లస్మవ్వను చూసి నవ్వుతారు. మొగుడు ఏం పని చేస్తాడో తెలియని మనిషి ఊరును ఏం ఏలుతుందంటారు. కాదు, సెనేటర్ను కాదని తనే ఫోన్ చేసి చెబుదామంటే కమోడ్ల సంగతి నోరు విప్పి చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వీరబ్రహ్మం చాయ్ పక్కన పెట్టి, ఏళ్లుగా ఎదురుచూస్తున్న ముహూర్తం వచ్చినట్టు గొంతు సవరించుకున్నాడు.

"సెనేటర్ ఆకాశం నుంచి ఊడిపడతాడా? ఎన్నుకుంటే అవుతాడు. డెలావేర్‌లో మొదట్లో జనం ఓట్లే లేవు. శాసనసభలో పెద్దలు కూర్చుని ఎన్నుకునేవాళ్లు, అంతే. వాళ్లకు మూడు జిల్లాలు, మనకు మూడు గదులు. భోజనాలయ్యాక సభ పెట్టి నిన్ను ఎన్నుకుంటాం. అప్పుడు ఫ్లెక్సీ అబద్ధం ఎట్లయితుంది?"

"ఏ రాష్ట్రానికని ఎన్నుకుంటరు?"

"ఈ బిల్డింగ్‌కు. పేరుకు మెస్సు పెద్ద, మర్యాదకు సెనేటరు."

మునిగిపోయేవాడు గడ్డిపోచను వదలడు. పోచన్న సరే అన్నాడు.

ఎన్నిక ఏకగ్రీవంగా జరిగిపోయేదే. కానీ జుమ్మా నమాజు ముగించుకుని మౌలాలి వచ్చాడు. మౌలాలిది రాయచోటి, ఉండేది సీమ గదిలో. హమ్రియా సందుల్లో ఇంటింటికీ గ్యాస్ సిలిండర్లు వేసే బండి అతనిది. విషయం విని, టోపీ తీసి జేబులో పెట్టుకుని, తానూ నిలబడుతున్నానన్నాడు.

"ఎందుకప్పా నవ్వుతారు? నేను గ్యాసు ఎయ్యకపోతే ఈ రాష్ట్రంలో పొయ్యి ఎలగదు. నాకంటే పెద్దమనిషి యాడుండాడు?"

వీరబ్రహ్మం ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాడు. "డెలావేర్‌లో కూడా సరిగ్గా ఇట్లాగే గ్యాసు వ్యాపారం చేసే ఒకాయన సెనేటర్ కావాలని కూర్చున్నాడు మౌలాలీ. ఏళ్లకేళ్లు ప్రయత్నించాడు."

"అయినాడా మరి?"

"కాలేదు. చచ్చేదాకా కాలేదు."

"ఆ మాట ముందే చెప్పాల్నా నువ్వు" అని మౌలాలి మొహం ముడుచుకున్నాడు. కానీ పేరు వెనక్కి తీసుకోలేదు.

సభ మొదలైంది. ఎన్నికల అధికారి వీరబ్రహ్మమే కాబట్టి అతనికి ఓటు లేదు. తెలంగాణ గది పోచన్నకు చేతులెత్తింది. సీమ గది మౌలాలికి ఎత్తింది. లెక్క సరిసమానం. అందరూ గోదావరి గది వైపు చూశారు. వాళ్లు చేతులు ఎత్తలేదు సరికదా, చంకల్లో పెట్టుకున్నారు. వాళ్ల తరఫున తాతారావు లేచాడు. తాతారావు పెళ్లిళ్లలో ఆడపడుచు అలిగినట్టు నిదానంగా మాట్లాడతాడు.

"మాకు ఎవరైనా ఒకటేనండి. కానీ మజ్జిగపులుసులో బెల్లం ముక్క వేస్తే ఈ ఇంట్లో కొందరు మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారండి. ఆ సంగతి తేలాలండి."

"పులుసుల బెల్లమేందే, పులుసు పులుసు లెక్కుండాలె గని" అని తెలంగాణ గది గొణిగింది. మిరపకాయ తప్ప మరోటి ఎరగని సీమ గది ఏకంగా లేచి నిలబడింది. మళ్లీ చేతులెత్తించారు. మళ్లీ అదే లెక్క. ఇంకోసారి ఎత్తించారు. చేతులు నొప్పి పుట్టాయి తప్ప ఫలితం మారలేదు. సెనేటర్ సంగతి మరుగునపడి సభంతా బెల్లం చుట్టూ తిరగసాగింది.

"ఇట్ల ఎన్నిసార్లు ఎత్తాలె వీరన్నా?" అన్నాడు పోచన్న.

"డెలావేర్‌లో కూడా లెక్కపెట్టలేక విసుగొచ్చేంతవరకు ఓట్లేశారు. ఎవరికీ రాలేదు. రెండు కుర్చీలూ ఖాళీ. రెండేళ్లపాటు ఆ రాష్ట్రానికి ఒక్క సెనేటర్ కూడా లేడు."

"లేకపోతే ఏమైంది?"

 పాపం, సగం థీసిస్ రాసినా ఆ ప్రశ్న వీరబ్రహ్మానికి ఎన్నడూ తట్టలేదు. "ఏమీ కాలేదనుకుంటా" అన్నాడు నెమ్మదిగా.

"వాళ్లకు రెండేండ్లున్నయి. నాకు పొద్దుమీకిదాక సుత లేదు. రఘుపతిగాడు వస్తున్నడు."

ఆ గొంతులో ఏడుపు విని సభ కాస్త తగ్గింది. తాతారావుకు కూడా జాలేసింది. "చివరికి వాళ్లు ఎలా తేల్చుకున్నారండి?" అని అడిగాడు.

"రెండు వర్గాలూ చెరొక కుర్చీ పంచుకున్నాయి."

"ఓస్, ఇంతేనా. ఈ బిల్డింగూ రాష్ట్రమే కాబట్టి మనకీ రెండు కుర్చీలున్నట్టే కదండి. పోచన్న గారొకటి పుచ్చుకోండి, మౌలాలి గారొకటి పుచ్చుకోండి. బెల్లం మాకొదిలేయండి."

అందరి చేతులూ లేచాయి. హమ్రియాలో ఆ మధ్యాహ్నం నూట ఇరవై ఏళ్ల కిందటి అమెరికా చరిత్ర తిరిగి జరిగింది, వీరబ్రహ్మం కళ్లెదుటే జరిగింది. గ్యాసు మనిషి ఈసారి గెలిచాడన్నదొక్కటే తేడా. మౌలాలి ఆ తేడాను పదిమందికీ గుర్తుచేశాడు.

సాయంత్రం రఘుపతి వచ్చేసరికి పోచన్న వీరబ్రహ్మం ఇంటర్వ్యూ కోటు వేసుకుని, మెడలో రూవీ బజారు నుంచి తెప్పించిన బంతిపూల దండతో కుర్చీలో కూర్చున్నాడు. కోటు భుజాల దగ్గర బిగుతై ఊపిరాడటం లేదు, దాంతో మొహానికి పెద్దరికం దానంతటదే వచ్చింది. చుట్టూ మూడు గదుల జనం చప్పట్లు కొడుతున్నారు. రఘుపతి నోరు తెరిచాడు. ఫోన్ తీసి అటూ ఇటూ తిప్పి వీడియో తీసుకున్నాడు, బెల్లం వేసిన పులుసుతో అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. పోచన్న దండతో ఫోటో దిగి లస్మవ్వకు పంపి, చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

ఇల్లు అలకగానే పండుగ అవుతుందా? మర్నాడు అజైబా సైట్‌లో అన్నం డబ్బా తెరిచేసరికి లస్మవ్వ ఫోన్ వచ్చింది.

"ఏం జేసినవయ్యా నువ్వు?" ఆ గొంతు దండ చూసి మురిసిన గొంతు కాదు.

"ఏం జేసిన? సెనేటర్ అయిన. నువ్వు రాయించినవని అయిన."

"నేనెందుకు రాయిస్తా? నేను సానిటరీ అని రాయమన్న. ఒమన్ల సానిటరీ పోచన్న పెండ్లాం అని రాయమన్న. ఆ ఫ్లెక్సీ పోరడు సదువుకున్నోడు గదా, సానిటరీ గాదు, సెనేటర్ అయ్యుంటది, గది పెద్ద పదవి అనుకోని నన్నడగకుంటనే దిద్దిండు. నాకు సదువస్తదా? గ్రూపుల జూసి ఎవలో సదివి జెప్తేనే ఎరుకైంది. ఎరుకైనప్పటిసంది ఇల్లిల్లు తిరిగి తప్పువడ్డది, మా ఆయిన సానిటరీ అని జెప్పుకుంటొస్తున్న. నువ్వేమో కోటేసుకొని దండేసుకుంటివి."

పోచన్న ఎత్తిన ముద్దను డబ్బాలో పెట్టేశాడు.

"మన బడిల ఆడివిల్లల బాత్రూములు పలిగిపోయినయి" అంది లస్మవ్వ. "పిల్లలు పగటీలి ఇంటికన్న ఉరుకుతరు, లేకుంటే నీళ్లు దాగకుంట కూసుంటరు. మా ఆయిన గదే పనోడు, సెలవుకచ్చి సొంత చేతులతోని బిగిస్తడు అని ఊరందరికి మాటిచ్చిన. నా ఓట్లన్ని ఆ ఒక్క మాట మీదనే ఉన్నయి. ఇప్పుడు కవితేం జేస్తుంది? రఘుపతి పంపిన వీడియో జూపెట్టుకుంట, గింత పెద్దాయిన అచ్చి మీ బడి దొడ్డి బాగుజేస్తడా అని అడుగుతుంది. ఏం జెప్పాలె నేను?"

పోచన్న వేరే సంగతి దగ్గరే ఆగిపోయాడు. "నేను కమోడ్లు బిగిస్తనని నీకెట్ల ఎరుక? నేనెన్నడు జెప్పలే."

"నువ్వు జెప్పకపోతే అడగనా? పోయినేడే జగిత్యాలల సానిటరీ దుకాణం కనవడితె లోపటికి వోయిన. సానిటరీ అంటే ఏంది నాయినా అని అడిగిన. ఆ సేటు అన్నిటిని జూపెట్టిండు. వరుసగ వెట్టిండ్రు, తెల్లగ, మల్లెపువ్వు లెక్క. గివన్ని నా మొగడే బిగిస్తడా అని శానసేపు ఆన్నే నిలవడ్డ. కొనవా అమ్మా అన్నడు సేటు. కొన, సూస్త అన్న."

 ఇన్నేళ్లూ ఎవరికి తెలిస్తే తల ఎత్తుకోలేనని పోచన్న అనుకున్నాడో, ఆ మనిషి దుకాణానికి వెళ్లి తన పనిని కళ్లారా చూసి మురిసిపోయి వచ్చింది. సిగ్గంతా తనదే. ఆమెకు ఎన్నడూ లేదు. అతనికి ఏడుపొచ్చింది, ఏడుపుతోపాటు ఆకలీ వచ్చింది.

"రేపు గీ యాళ్లకే ఆడోళ్లను బడికాడ కూడవెడ్త" అంది లస్మవ్వ. "వీడియో కాల్ల కనవడు. కోటుతోని గాదు."

రాత్రి వీరబ్రహ్మానికి చెబితే అతను దిగులుపడ్డాడు. ఎన్నికై ఒక్కరోజు తిరక్కుండా రాజీనామా చేస్తే చరిత్రకు మర్యాద కాదన్నాడు. మౌలాలి మాత్రం, ఒక కుర్చీ ఖాళీ అయితే రెండూ తానే చూసుకుంటానని ధైర్యం చెప్పాడు.

లస్మవ్వ తర్వాత గెలిచింది. ఆ మాట ఇక్కడే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఆదివారం మధ్యాహ్నం జరిగినదాని ముందు ఆ గెలుపు పోచన్నకు చిన్నదిగానే కనిపించింది.

ఆ మధ్యాహ్నం అతను సైట్‌లో కొత్త బాత్రూములో ఫోన్‌ను కిటికీలో నిలబెట్టి కాల్ కలిపాడు. డ్యూటీ బట్టలు, మోకాళ్ల నిండా సిమెంటు. తెర మీద బడిగోడ పక్కన ముప్పై మంది దాకా ఆడవాళ్లు, ముందు వరుసలో పిల్లలు, వెనకాల చేతులు కట్టుకుని కవిత మనుషులు. ఫోన్ లస్మవ్వ చేతిలో ఉంది.  పోచన్న మాటలతో పెట్టుకోకుండా పని మొదలుపెట్టాడు. కమోడును ఎత్తి పైపు మీద సరిగ్గా దించాడు, మట్టం చూశాడు, మరలు బిగించాడు, అంచు చుట్టూ తెల్లసిమెంటు పూసి వేలితో నున్నగా తీశాడు.  అటువైపు గుసగుసలు ఆగిపోయాయి.

అంతా అయ్యాక ఒక ముసలామె ఫోన్ దగ్గరికి వంగింది. దుబ్బవాడలో అందరికంటే పెద్ద నోరు అక్తరీ బేగందే.

"అరే పోచన్నా, సెనేటర్ అయినవంట గదరా. మా మన్మరాండ్లకు నువ్వే బిగిస్తవా, పైసలిచ్చి ఇంకెవనితోని జేపిస్తవా?"

ఏళ్లుగా మింగిన మాట బయటికొచ్చింది. "నేనే బిగిస్త పెద్దమ్మా. నా పనే గది. నేను సెనేటర్ను గాను, సానిటరోన్ని."

"బిగిస్తె గట్టిగుంటదా? పోయినసారి కంట్రాక్టరు వెట్టింది ఆరు నెల్లకే పలిగిపాయె."

గట్టిగా ఉంటుందని నోటితో చెబితే ఎవరు నమ్ముతారు. అవతలి బాత్రూములో నిన్న బిగించగా సిమెంటు ఆరిన కమోడు ఉంది. పోచన్న ఫోన్ పట్టుకుని అక్కడికి నడిచాడు, దాన్ని ఎదురుగా నిలబెట్టి కమోడు మూత వేశాడు, ఊరంతా చూస్తుండగా ఆ మూత మీద ఎక్కి కూర్చున్నాడు. కూర్చోవడమే కాదు, కాలు మీద కాలు వేసుకుని అటూ ఇటూ ఊగి చూపించాడు. అది అంగుళం కదల్లేదు.

ముందు పిల్లలు నవ్వారు, తర్వాత ఆడవాళ్లు నవ్వారు, చివరికి కవిత మనుషులు కూడా మొహాలు పక్కకు తిప్పుకుని నవ్వారు. ఊరు నవ్వుతుందని అతను ఎన్నేళ్లు భయపడ్డాడో, ఆ నవ్వు ఇదేనని తెలిసి పోచన్నకూ నవ్వొచ్చింది. లస్మవ్వ ఫోన్ పైకెత్తి అందరికీ కనబడేలా తిప్పింది.

"సూడుండ్రి" అంది. "గిదే మా ఆయిన కుర్సీ."